అక్క చేతి కొలత

ఫిబ్రవరి 6

ఒరేయ్ రంపం,

ఎలా ఉన్నావని అడగను. బాగానే ఉంటావు. నీ పొట్ట పెరుగుతోందని పోయిన ఉత్తరం చివర్లో మరదలు దొంగతనంగా ఒక ముక్క రాసింది. నీ ఉత్తరం మొత్తంలో నాకు పనికొచ్చిన కబురు అదొక్కటే.

ఫోన్ చెయ్యొచ్చు కదా అంటావు. చేస్తే ఏమవుతుందో నీకూ తెలుసు. మూడో మాటకి నువ్వు అలుగుతావు, నాలుగో మాటకి నేను పెట్టేస్తాను. ఉత్తరంలో అయితే నేను చెప్పేది అయిపోయేదాకా నువ్వు నోరు మూసుకుని వినక తప్పదు.

సంగతేమిటంటే, నాన్న చేసిన ఫిడేలు ఈ మధ్య నా మాట వినడం లేదు. తీగలు ఎత్తుగా లేచినట్టున్నాయి. నొక్కాలంటే వేళ్ళకి బలం చాలడం లేదు. రెండో అంకం అయ్యేసరికి మోచెయ్యి దాకా ఒకటే లాగుడు. తీగల కింద నిలబెట్టే బ్రిడ్జి చెక్క పోయినసారి నువ్వే కదా సరిచేసి ఇచ్చావు, అదేమైనా ఉబ్బిందేమో. నీ పనికి వంక పెడుతున్నానని అనుకోకు. అనుకుంటావులే.

నాటకశాలలో అంతా మామూలే. వేదిక ముందు మేం వాయించేవాళ్ళం కూర్చునే గుంటలో పైకప్పు కారుతోంది. ఆ చుక్క సరిగ్గా బాకా ఊదేవాడి నెత్తిమీదే పడుతుంది, మిగతా చోటంతా పొడి. మా బృందాన్ని నడిపించే కనుబొమల మాస్టారు నీకు గుర్తున్నాడుగా, చేతులతో కంటే కనుబొమలతోనే ఎక్కువ నడిపిస్తాడు. ఎడమ కనుబొమ లేచిందంటే ఎవరో అపశ్రుతి పలికినట్టు. ఇన్నేళ్ళలో నావైపు చూసి అది ఒక్కసారి లేవలేదు. పోయిన వారం లేచింది. అంతా ఆ తీగల మూలంగానే.

బావ కులాసా. నిన్న నా చేతిలోంచి గాజుగ్లాసు జారి ముక్కలైతే, పగిలింది పాతదేలే అన్నాడు. అది కొత్తది. ఆయనకి ఇంట్లో ఏది కొత్తదో ఏది పాతదో ఎప్పుడు తెలిసింది కనుక.

మొదటి కుర్చీలో కూర్చునే నీ అక్క


ఫిబ్రవరి 15

అక్కా,

అనుకున్నాను. అలిగాను కూడా.

నేను సరిచేసిన బ్రిడ్జి ఉబ్బదు. నాన్న చేసిన ఫిడేలు మొండికెయ్యదు. మీ గుంటలో కప్పు కారుతోందన్నావే, రోగమంతా అక్కడుంది. తేమ తగిలితే ఏ చెక్కయినా బిగుస్తుంది. అయినా నువ్వడిగావు కాబట్టి ఎత్తు తగ్గించి కొత్త బ్రిడ్జి ఒకటి చెక్కి పంపుతున్నాను, సన్నరకం తీగలు కూడా. ఎలా వెయ్యాలో కాగితం మీద రాసి పెట్టాను. మీ వీధి చివర కొట్టువాడి దగ్గరికి మాత్రం తీసుకెళ్ళకు. వాడు ఫిడేలు బాగుచేసిన చేతులతోనే గొడుగులు కూడా బాగుచేస్తాడు.

అక్క చేతికేమైనా అయిందేమో కనుక్కోండి అని నీ మరదలు సతాయించింది. నీ ఉత్తరం తీసి కళ్ళముందు పెట్టాను. దస్తూరి చూడవే, అచ్చు గుద్దినట్టుంది, ఈ చేతికేం రోగం అన్నాను. 

ఇక్కడో తమాషా. ఒకాయన తన పెద్ద ఫిడేలు, అదే మనిషంత ఉంటుందే, అది బొంగురుపోయిందని తెచ్చాడు. విప్పి చూస్తే లోపల ఎలుక కాపురం పెట్టింది. గూడు తీసి శుభ్రం చేసి ఇచ్చాను. మర్నాడు మళ్ళీ వచ్చాడు. ఎలుక ఉన్నప్పుడే బాగా పలికేదట.

నీ తమ్ముడు రంపం (చిన్నప్పుడు నేను ఫిడేలు సాధన చేస్తుంటే ఎవరో కట్టెలు కోస్తున్నారనుకుని పక్కింటావిడ గోడమీంచి తొంగి చూసింది. ఆ రోజు నువ్వు పెట్టిన పేరు ఇది. నాన్న అది విని నా చేతికి నిజం రంపమే ఇచ్చాడు. ఇప్పటికీ నిన్ను క్షమించలేదు.)


మార్చి 3

రంపం,

నీ బ్రిడ్జి వేశాను, నీ సన్న తీగలు వేశాను. నువ్వు రాసిన కాగితం బావ చేత పైకి చదివించుకుంటూ తు.చ. తప్పకుండా చేశాను. ఏం లాభం లేదు.

నిదానంగా చూస్తే లోపం చెయ్యి పట్టుకునే చోట, ఫిడేలు మెడలో ఉందనిపిస్తోంది. మెడ నా చేతికి లావు. చిటికెన వేలు చేరాల్సిన చోటికి చేరకుండా వెంట్రుకవాసి ముందే పడిపోతోంది. వెంట్రుకవాసే, కానీ కనుబొమ లేవడానికి అది చాలు.

ఈ నెల నాటకానికి వెనక కుర్చీలో కూర్చుంటున్నాను. నేనే అడిగి కూర్చున్నాను. నా వెనక వాయించే పిల్ల ఒకతి ఉంది, పోయిన ఏడాదే చేరింది. ఆమెని ముందుకి పంపాను. ముందు కుర్చీ భయం పోవాలి కదా, పెద్దవాళ్ళం మనం దారి ఇవ్వకపోతే ఎవరిస్తారు? బాగా వాయిస్తుంది. కానీ కళ్ళు ఎదురుగా ఉన్న కాగితం మీద కంటే నా చేతిమీదే ఎక్కువుంటాయి, ఎందుకో మరి.

మరదలికి చెప్పు, నాకేం కాలేదు.

అక్క


మార్చి 12

అక్కా,

మెడ లావా? నాన్న బతికుండగా ఈ మాట అనే ధైర్యం నీకుండేదా?

నీ ఉత్తరం చదివి రెండు రోజులు నీతో మాట్లాడ్డం మానేశాను. నువ్వు ఇక్కడ లేవు కాబట్టి ఆ సంగతి నీకు తెలియలేదు. నీ మరదలు ఒకటే నవ్వడం.

నీకు గుర్తులేదేమో, చెబుతా విను. నాన్న ఎవరికి ఫిడేలు చేసినా ముందు వాళ్ళ ఎడమ చేతిని చెక్కపలక మీద ఆనించి చుట్టూ పెన్సిలుతో గీసేవాడు. ఆ పలక ముందు పెట్టుకునే మెడ చెక్కేవాడు. ఊరందరికీ ఒకటే కొలత మెడ చేస్తే అది ఫిడేలు కాదురా, తలుపు గడియ అనేవాడు. ఆ పలకలన్నీ ఇప్పటికీ కొట్లో గోడకి వరసగా ఉన్నాయి. ఆ చేతుల్లో చాలామంది ఇప్పుడు లేరు. నీ పలక నా పనిబల్లకి ఎదురుగా ఉంది. చిటికెన వేలు దగ్గర గీత కాస్త చెదిరింది. నువ్వు కదిలావని నాన్న మొట్టికాయ వేశాడు, కదిలించింది నేనని ఇప్పుడైనా తెలుసుకో. ఆ చేతికి చెక్కిన మెడ నీకు లావైందంటే నేను నమ్మాలా?

ఇదంతా రాశాక కోపం తగ్గింది. చేతులు కూడా వయసుతో మారతాయేమో. నా పెళ్ళినాటి ఉంగరం ఇప్పుడు సబ్బు రాసినా వేలికెక్కదు. ఒక పని చెయ్యి. నీ ఎడమ చెయ్యి కాగితం మీద పెట్టి గీయించి పంపు. పాతదాని పక్కన పెట్టి చూస్తాను. తేడా ఉంటే మెడ సంగతి నేను చూసుకుంటాను. లేకపోతే నువ్వు నాన్నకి క్షమాపణ చెప్పుకో.

రంపం


మార్చి 25

రంపం,

ఇదిగో చెయ్యి. బావ గీశాడు. కదలకు కదలకు అని నా ప్రాణం తీశాడు, తీరా చూస్తే కదిలింది ఆయనే. చిటికెన వేలు, ఉంగరం వేలు లోపలికి ముడుచుకున్నట్టు వచ్చాయి. ఆయన బొమ్మల సంగతి నీకు తెలియందేముంది, బడిలో నల్లబల్ల మీద ఆవుని గీస్తే పిల్లలు కుక్క అని రాసుకునేవాళ్ళు.

నాన్నకి క్షమాపణ చెప్పాను. పైకే చెప్పాను. పక్కగదిలోంచి బావ ఎవరితో మాట్లాడుతున్నావని అడిగాడు.

బావ మోకాళ్ళకని పెద్దాస్పత్రికి వెళ్ళొచ్చాం. పొడుగాటి నడవా, ఆకుపచ్చ బల్లలు. ఎవరి నొప్పి పెద్దదో తేల్చుకోవడానికి వచ్చినట్టు జనం ఒకరినొకరు ఎగాదిగా చూసుకుంటూ కూర్చున్నారు. మళ్ళీ రమ్మన్నారు.

మెడ గురించి తొందరేం లేదు. వీలు చూసుకుని ఫిడేలు పంపుతాను.

అక్క


ఏప్రిల్ 9

తమ్ముడూ,

ఈ ఉత్తరం పనిబల్ల దగ్గర నిలబడి చదవకు. లోపలికి వెళ్ళి కూర్చుని చదువు.

ఇందాక మా డ్రమ్ములాయన వచ్చి ఫిడేలు పట్టుకెళ్ళాడు. కూతురి దగ్గరికి వెళ్తూ మీ ఊళ్ళో దిగి నీకు అందిస్తానన్నాడు. పెట్టెలో ఉత్తరం పెడదామని కూర్చున్నాను కానీ ఒక్క ముక్కకీ కలం కదల్లేదు. ఉత్తరం వెనకాలే వస్తుందని ఆయనతో చెప్పి పంపాను. పెట్టె గుమ్మం దాటాక రాయడం వచ్చింది. అందుకని ఇది విడిగా పోస్టులో వేస్తున్నాను.

ఆస్పత్రికి వెళ్ళింది బావ మోకాళ్ళకి కాదు. ఆయన మోకాళ్ళు గుండ్రాళ్ళలా ఉన్నాయి. వెళ్ళింది నాకు. మోచేతి లోపల ఒక నరం ఉంటుందట. ఊహ తెలిసినప్పటినుంచీ ఫిడేలు పట్టుకుని చెయ్యి మడిచే ఉంచాను కదా, అది నలిగి నలిగి ఇప్పుడు చచ్చుబడిపోతోంది. చిటికెన వేలు, ఉంగరం వేలు నా స్వాధీనంలో లేవు. కుడిచేత్తో పట్టుకుని చూస్తే ఇంకెవరి వేళ్ళో పట్టుకున్నట్టుంది. ఆపరేషన్ చేస్తే ఇంకా పాడవకుండా ఆపుతారు, పోయింది మాత్రం తిరిగి రాదు. మీరేం పని చేస్తారని డాక్టరమ్మ అడిగింది. చెప్పాను. ఆవిడ కలం కింద పెట్టేసింది. నాకు అప్పుడే అర్థమైపోయింది.

తీగలు ఎత్తుగా లేవురా. మెడ లావు కాదు. బావ బొమ్మ సరిగ్గానే గీశాడు, నా వేళ్ళే చాపితే సాగడం లేదు. నీ దగ్గర అబద్ధాలాడాను. నీకు చెబితే అది నిజమైపోతుందని భయపడ్డాను. నువ్వు నా దస్తూరి చూసి మోసపోయావు, రాసేది కుడిచెయ్యి కదా.

ఎన్నాళ్ళనుంచో వేణ్ణీళ్ళలో చెయ్యి నానబెట్టుకుని, మాత్రలు మింగి, మోచేతికి గుడ్డ చుట్టుకుని నెట్టుకొచ్చాను. జనవరిలో ఒకరోజు ఆట మధ్యలో, వేగంగా వాయించాల్సిన చోట, వేళ్ళు ఒక్కసారిగా మొరాయించాయి. ఏం చేశానో తెలుసా? కమాను తీగకి తగలకుండా పైపైన ఆడించాను. వాయిస్తున్నట్టు నటించాను. జనంలో ఎవరూ పసిగట్టలేదు. వెనక కుర్చీ పిల్ల పసిగట్టింది. నా పాట కూడా తనే కలుపుకుని గట్టిగా వాయించేసింది.  ఆట అయ్యాక నా పెట్టె తను మోసుకొచ్చి నన్ను బస్సెక్కించింది. ఆ రోజు నుంచే ఆమె కళ్ళు నా చేతిమీద.

ఫిడేలు ఆమెకే ఇచ్చేస్తున్నాను. ఒకసారి వాయించి చూడమన్నాను. నాన్న చెక్కిన మెడ ఆమె కోసమే చెక్కినట్టు ఆ చేతిలో ఇట్టే ఒదిగిపోయింది. నాకు ముందు అసూయ పుట్టింది, తర్వాత ఏడుపొచ్చింది, ఆ తర్వాత ఎందుకో బాగా ఆకలేసింది.

నువ్వు చెయ్యాల్సిందల్లా పాత బ్రిడ్జి, పాతరకం తీగలు మళ్ళీ వేసి దుమ్ము తుడిచి పెట్టడమే. ఇంకేమీ ముట్టుకోకు. జూలైలో కొత్త నాటకం మొదలయ్యేనాటికి ఆమె నా కుర్చీలో నాన్న ఫిడేలుతో కూర్చోవాలి. నేను లేకపోయినా ఆ గుంటలో నాన్న ఫిడేలు పలకాలి. నాకింక మిగిలిన కోరిక అదొక్కటే. నా చేత్తో నేను ఇవ్వలేను, నీ చేతులమీదుగా ఇవ్వు.

అక్క


ఏప్రిల్ 12

అక్కా!

ఫిడేలు వచ్చేసింది. మీ డ్రమ్ములాయన భలే మనిషి, నీ మరదలు కాఫీ పెట్టేలోపల నా బల్ల, కిటికీ, గ్లూ డబ్బా అన్నీ వేళ్ళతో వాయించి చూసి వెళ్ళాడు. ఉత్తరం వెనక వస్తోందని చెప్పాడు. నాకు ఉత్తరంతో పనేముంది? ముందు చెయ్యి పంపావు, తర్వాత ఫిడేలు పంపావు, ఆ మాత్రం అర్థం కాదా?

నీ కొత్త చెయ్యి నాన్న గీసిన చేతి పక్కన పెట్టి చూశాను. బావగారి వంకర గీతలు తీసేసి చూసినా చాలా తేడా ఉంది. వేళ్ళు బాగా ముడుచుకున్నాయి. ముసలిదానివైపోయావే! ఇన్నాళ్ళూ నిన్ను ఆడిపోసుకున్నందుకు నామీద నాకే కోపమొచ్చింది. నీ చెయ్యి మారితే ఫిడేలు మారాలి గానీ నువ్వెందుకు బాధపడాలి?

పని మొదలుపెట్టేశాను. మిగతా పనులన్నీ పక్కకి నెట్టేసి, కొట్టు తలుపు వేసుకుని కూర్చున్నాను. ఏం చేస్తున్నానో చెప్పను. చేతిలోకి తీసుకున్నాక నువ్వే చెప్పాలి. నా ఉలి ఇంత హుషారుగా నడిచి చాలా కాలమైంది. నువ్వు మళ్ళీ మొదటి కుర్చీలో కూర్చుంటే ఆ కనుబొమ ఎలా లేస్తుందో నేనూ చూస్తాను.

నీ రంపం


ఏప్రిల్ 19

అక్కా,

నీ ఉత్తరం అందింది. కూర్చునే చదివాను.

 నీ మరదలు ఏడుస్తోంది. నేను ఏడవలేదని రాద్దామనుకున్నాను.

ఫిడేలు కొంచెం ఆలస్యమవుతుంది. ఇక్కడ తేమగా ఉంది, వార్నిష్ ఆరడం లేదు. ఆ అమ్మాయిని కంగారు పడొద్దను.

తమ్ముడు


మే 8

రంపం,

దుమ్ము తుడవమంటే వార్నిష్ ఏమిటి? నా ఉత్తరం అందకముందు ఏదో పని మొదలుపెట్టానని రాశావు, అది అందగానే ఆపేసి ఉంటావనుకున్నాను.

నీకు రెండు కార్డులు రాశాను. ఒకదానికి జవాబు లేదు, రెండోదానికి వాతావరణం గురించి రాశావు. పోనీలే అని ఊరుకున్నాను. నిన్న వెనక కుర్చీ పిల్ల వచ్చింది. వాళ్ళమ్మని చూడ్డానికి మీ వైపు వెళ్ళి, పనిలో పనిగా నీ కొట్టుకి వచ్చిందట. ఎంతసేపు తలుపు కొట్టినా తియ్యలేదట. లోపల చెక్క గీకుతున్న చప్పుడు వినబడుతూనే ఉందట. పాపం, ఆయన పనిలో ఉండి విని ఉండరండీ అని నిన్ను వెనకేసుకొచ్చింది. నీకు ఎలుక నడిచినా వినపడుతుందని ఆమెకేం తెలుసు?

నాకు అర్థమైంది. నాన్న ఫిడేలు పరాయిపిల్ల చేతికి వెళ్ళడం నీకు ఇష్టం లేదు. గోడకి తగిలించుకుని, ఇది మా నాన్న చేసింది, మా అక్క వాయించేది అని వచ్చేపోయేవాళ్ళకి చూపించుకుందామని ఉంది. నేనింకా బతికే ఉన్నానురా. ఫొటోకి దండ వేసినట్టు నా ఫిడేలుకి వెయ్యకు. అది పలకాలి. నాన్న నీకు కొట్టు ఇచ్చాడు, నాకు ఫిడేలు ఇచ్చాడు. నాది నేనేం చేసుకుంటే నీకెందుకు?

ఇష్టం లేకపోతే లేదని చెప్పు. వాన మీద, వార్నిష్ మీద వంక పెట్టకు.

అక్క


మే 14

అక్కా,

నువ్వనుకున్నది కాదు. అదే అయినా బాగుండేది.

నీ ఉత్తరం రావడానికి ముందే నేను మెడ చెక్కేశాను. నీ కొత్త చేతికి తగ్గట్టు. బావగారు గీసిన కాగితం బల్లకి అతికించుకుని, నీ వేళ్ళు ఎంత ముడుచుకుంటే అంత మేరకి, వేళ్ళు వచ్చే పక్కంతా పల్చగా తీసేశాను. బొటనవేలు ఆనేచోట చిన్న గుంట తవ్వాను, చెయ్యి అలిసిపోకుండా ఉంటుందని. పైన వార్నిష్ కూడా వేశాను. చూసుకుని మురిసిపోయాను. నాన్న ఉంటే భుజం తట్టేవాడని నీ మరదలితో కూడా అన్నాను. ఆ సాయంత్రమే పోస్టులో నీ ఉత్తరం వచ్చింది.

ఇప్పుడు ఆ మెడని మామూలు చెయ్యి ఏదీ పట్టుకోలేదు. నేను పట్టుకు చూశాను. నీ మరదలు పట్టుకు చూసింది. బొటనవేలు గుంటలో ఇరుక్కుపోతుంది, పైకి జరగదు. ఇంక ఆ అమ్మాయి వచ్చి తలుపు కొడితే ఏ మొహం పెట్టుకుని తియ్యను? లోపల నేను గీకుతున్నది వేరే చెక్క. తీసేసిన చోట అతుకు వేసి చూద్దామని. నిలవలేదు. తీసేసిన చెక్కని ఎవరు తిరిగి తెస్తారు?

తొందరపాటు మనిషిని. నీకు తెలుసు. నీ చెయ్యి చూసి కూడా నీ చెయ్యి పోయిందని తెలుసుకోలేకపోయాను. రోజూ చేతులు చూసి బతికేవాణ్ణి. నాకు అదే గుండెల్లో గుచ్చుకుంటోంది. నువ్వు బాగవ్వాలనే పిచ్చిలో ఆ ముడుచుకున్న వేళ్ళని కొలత అనుకున్నాను గానీ జబ్బు అనుకోలేదు.

ఒక దారి ఉంది. మెడని కోసి తీసేసి, పైన నాన్న చెక్కిన తలకాయ, కింద డొల్ల అలాగే ఉంచి, మధ్యలో కొత్త మెడ అతకొచ్చు. పెద్ద పనివాళ్ళు చేస్తారు, నేనూ చెయ్యగలను. కానీ నాన్న నీ చెయ్యి చూసి చెక్కిన ముక్కని నా రంపంతో కొయ్యాలి. నువ్వు చెప్పకుండా నేను చెయ్యలేను. చెప్పినా చెయ్యగలనో లేదో తెలియదు.

తమ్ముడు


మే 20

ఒరేయ్ పిచ్చి రంపం,

నీ ఉత్తరం చదివాను. పోయిన ఉత్తరంలో నిన్ను నానా మాటలూ అన్నాను. వెనక్కి తీసుకుందామంటే ఆ ఉత్తరం నీ దగ్గరుంది. చించి పొయ్యిలో పెట్టు.

తర్వాత నవ్వొచ్చింది, చెడ్డ నవ్వు. లోకంలో ఒక్క చేతికి తప్ప ఇంకెవరికీ పనికిరాని ఫిడేలు చేశావు. ఆ ఒక్క చెయ్యి నాది. దానికేమో వాయించడం రాదు. ఇంత చక్కటి తమాషా మన ఇంట్లో తప్ప ఎక్కడ జరుగుతుంది? నవ్వుతూ ఉండగానే ఏడుపైపోయింది. బావ వచ్చి నా పక్కన కూర్చున్నాడు.

నువ్వొక్కడివే తప్పు చెయ్యలేదు. నేను తీగలని, మెడ అని వంకలు రాయకుండా ఉంటే నువ్వు ఉలి పట్టేవాడివే కాదు. నీకు చెప్పుకుంటే నువ్వు ఏడుస్తావని, నువ్వు ఏడిస్తే నేను ఆగలేనని దాచాను. దాచి ఏం బావుకున్నాను?

మెడ కోసెయ్యి. నాన్న చేసిందని వెనకాడకు. అది నా చేతికి చేసిన మెడ, నా చేతితోపాటే దాని పనీ అయిపోయింది. ఫిడేలు బతకాలి.

పిల్ల చెయ్యి గీసి పంపుతున్నాను. ఈసారి బావకి ఇవ్వలేదు, నేనే గీశాను. ఆమె కాగితం మీద చెయ్యి బారుగా చాచి పెట్టింది. వేళ్ళన్నీ ఎంత తేలిగ్గా విచ్చుకున్నాయో. చిటికెన వేలి కొస దాకా వచ్చి నా పెన్సిలు కాసేపు ఆగిపోయింది. అయిపోయిందనుకుని ఆమె చెయ్యి తీసేసుకుంది. మళ్ళీ పెట్టమనడానికి నాకు నోరు రాలేదు. అక్కడ గీత కలవలేదు, నువ్వు చూసుకో.

అక్క


జూన్ 18

అక్కా,

అయిపోయింది.

కొయ్యడానికి మాత్రం చాలా రోజులు పట్టింది. పొద్దున్నే ఫిడేలు పనిబల్లకి బిగించేవాణ్ణి, సాయంత్రం విప్పేసేవాణ్ణి. చివరికి నీ మరదలు వచ్చి, మీరు కొయ్యకపోతే నేను కోస్తానని రంపం లాక్కుంది. వంటింట్లో కత్తి పట్టే లెక్కన ఆవిడ కోస్తే ఏమవుతుందో ఊహించుకుని వెంటనే పని మొదలుపెట్టాను. కోస్తున్నప్పుడు కొయ్యలోంచి నాన్న వాడిన పాత చెక్క వాసన వచ్చింది. కళ్ళలో పొట్టు పడిందని చెప్పి కాసేపు ఆపాను.

కొత్త మెడకి బయట చెక్క కొనలేదు. అటకమీద నాన్న దాచిన దుంగ ముక్క ఉంది కదా, నీ ఫిడేలుకి వాడగా మిగిలినది, దాంతోనే చేశాను. ఆ అమ్మాయిని నేనే పిలిపించాను. తలుపు తీశాను. చిటికెన వేలి దగ్గర గీత ఆమె చేతే కలిపించాను. వాయించి చూపించమంటే ముందు నన్ను అడిగింది, ఆవిడకి నామీద కోపం లేదు కదండీ అని.  కోపం ఉంటే నీ చెయ్యి తన చేత్తో గీసి పంపేది కాదమ్మా అన్నాను. వాయించింది. శబ్దం నాన్నదే అక్కా. నీ మరదలు పొయ్యి మీద పాలు పొంగుతున్నా కదల్లేదు.

ఆమె చెయ్యి కూడా పలక మీద గీసి నీ పలక పక్కన తగిలించాను. నీది తీయలేదు. ఎప్పటికీ తీయను.

కోసిన మెడ పారెయ్యలేకపోయాను. పైన వేళ్ళు ఆనే నల్లచెక్క ఆమెకి కొత్తది వేశాను. పాతదాని నిండా నీ వేళ్ళు అరగదీసిన చాళ్ళు ఉన్నాయి. వాటిని చదును చెయ్యడానికి నాకు మనసొప్పలేదు. దాన్ని మళ్ళీ పాత మెడకే సరేసు పెట్టి అతికించి, అంచులు చిత్రిక పట్టి, చిన్న పెట్టెలో పెట్టి పంపుతున్నాను. ఎందుకు పంపుతున్నానో నాకూ తెలియదు. వద్దనిపిస్తే తిప్పి పంపెయ్యి.

రంపం


జూలై 2

తమ్ముడూ,

పెట్టె మొన్ననే వచ్చింది. విప్పలేదు. నిన్న కొత్త నాటకం మొదలయింది. బయలుదేరేముందు ఎందుకో ఆ పెట్టె సంచిలో పడేసుకున్నాను.

ఇన్నేళ్ళలో జనం మధ్య కూర్చుని నాటకం చూడ్డం ఇదే మొదటిసారి. మా గుంటలోంచి నటుల చెప్పులు తప్ప ఏమీ కనబడేవి కావు. వాళ్ళకి మొహాలు కూడా ఉన్నాయని నిన్నే తెలిసింది. బావ ముందు వరసలో టికెట్లు తెస్తానన్నాడు. నేను వద్దన్నాను. చిట్టచివరి వరసలో గోడ పక్కన కూర్చున్నాం.

దీపాలు ఆర్పారు. ముందుగా శ్రుతి చూసుకున్నారు. ఇరవైమంది ఒక్కసారి కలిపి వాయిస్తుంటే అందులో నాన్న ఫిడేలు నాకు విడిగా వినబడింది. బావ కూడా నావైపు తిరిగాడు. ఆయనకి శ్రుతికీ చప్పుడుకీ తేడా తెలియదు, అయినా తిరిగాడు.

జనవరిలో నేను నటించిన ఆ వేగం పాట ఈ నాటకంలోనూ ఉంచారు.  అది వస్తోందనగా సంచిలో చెయ్యి పెట్టి నువ్వు పంపిన పెట్టె విప్పాను. చీకట్లో మెడ చేతిలోకి తీసుకున్నాను. బొటనవేలు తనంతట తనే నువ్వు తవ్విన గుంటలోకి వెళ్ళింది. మిగతా వేళ్ళు పాత చాళ్ళలో కూర్చున్నాయి. చాపితే సాగని ఆ చిటికెన వేలు కూడా, ముడుచుకున్నది ముడుచుకున్నట్టే, దాని చోట అది కూర్చుంది. ఆమె అక్కడ వాయిస్తున్నంతసేపూ నేను ఇక్కడ వేళ్ళు వేశాను. ఏ శబ్దమూ రాలేదు. ఒక్క వేలు కూడా తప్పు పడలేదు.

నొప్పి పుట్టలేదురా. ఎన్నాళ్ళ తర్వాతో, అస్సలు నొప్పి పుట్టలేదు. అందుకే ఏడుపు ఆగలేదు. పక్క కుర్చీలో ఒకావిడ నాటకం చూసే ఏడుస్తున్నాననుకుని నాకు చేతిరుమాలు ఇచ్చింది. ఆ సమయానికి వేదిక మీద వాళ్ళు నవ్వించే మాటలు చెబుతున్నారు.

నువ్వు కొలత తప్పావని కుమిలిపోతున్నావని మరదలు రాసింది. తప్పలేదు. నాన్న కొలిచినట్టే కొలిచావు.

చివరి వరసలో కూర్చున్న నీ అక్క